తూర్పు గది సామాను

మా ఇంట్లో తూర్పు వైపున్న చిన్న గది మా అత్తది. ఇల్లు కట్టేటప్పుడు ఆ గోడకు కిటికీ వద్దని మేస్త్రి అన్నాడట, ఉప్పుగాలికి చువ్వలు తుప్పు పట్టి రాలిపోతాయని. ఆమె వినలేదు. కిటికీ పెట్టేదాకా ఇటుకల కుప్ప మీద నుంచి లేవలేదని మా ఆయన ఇప్పటికీ చెబుతాడు. మా ఊరు ముత్తుకూరు నుంచి కృష్ణపట్నం పోయే దారిలో కొంచెం లోపలికి ఉంటుంది. ఆ కిటికీ అవతల చవుడు నేల, తుమ్మ చెట్లు, కాలువ, ఆపైన సముద్రం. మధ్యాహ్నం దాటిందంటే గాలి సముద్రం వైపు నుంచి మళ్ళుతుంది. ఆ గాలికి మంచం మీద కూర్చుని బైబిలు చదువుకుంటూ, అక్షరాలు కనబడనప్పుడు ఊరికే బయటికి చూస్తూ మా అత్త సాయంత్రాలు గడిపేది. ఆమెకు వేరే సరదాలు లేవు. ఉన్నవన్నీ మాకే.

ఆ గదిని మేము సామాన్ల కొట్టు చేశాం. మొదట మిక్సీ వచ్చిన అట్టపెట్టె సజ్జ మీదికి ఎక్కింది. రిపేరొస్తే పెట్టెతో సహా ఇవ్వాలట. దాని వెనకే టీవీ పెట్టె, ఫ్రిజ్ చుట్టూ వచ్చిన థర్మాకోల్ ఎక్కాయి. మా ఆయన కరెంటు ప్లాంటుకు షిఫ్టు వాళ్ళను చేరవేసే బస్సు నడుపుతాడు. అక్కడ భద్రతా వారం వచ్చినప్పుడల్లా అందరికీ ఏదో ఒకటి పంచుతారు. నీళ్ళ సీసా, భుజానికి సంచి, గొడుగు, మళ్ళీ నీళ్ళ సీసా. ఎవరి పెళ్ళికి పోయినా, ఎవరి కొత్తింటి ప్రార్థనకు పోయినా, చేతిలో ఒక ప్లాస్టిక్ బుట్టో ట్రేనో పెట్టి పంపుతారు. వద్దంటే అలుగుతారు. పొట్ట తగ్గాలని మా ఆయన తెప్పించిన తొక్కుడు సైకిలు మీద కొన్నాళ్ళు ఆయన తొక్కాడు, తర్వాత తువ్వాళ్ళు ఆరేశాడు. ఇవన్నీ తూర్పు గదికే పోయేవి, ఎందుకంటే మా అత్త వద్దనదు. మంచం కింద చోటిచ్చింది. మంచం పక్కన ఇచ్చింది. చివరికి కాళ్ళ దగ్గర కూడా ఇచ్చేసి, ముడుచుకుని పడుకునేది.

నేనేమీ తక్కువ తినలేదు. నేను జాకెట్లు కుడతాను. పోయిన పండగకు కుట్టించుకున్న జాకెట్టు మడత విప్పకుండానే ఈ పండగకు మళ్ళీ గుడ్డ పట్టుకొచ్చే ఆడవాళ్ళను చూస్తే నాకు మంట. అయినా కుడతాను, కుట్టకపోతే గడవదు. మిగిలిన ముక్కలు పారేయబుద్ధి కాక చేతిసంచులు కుట్టి మా చర్చిలో ఆడవాళ్ళందరికీ పంచాను, ప్లాస్టిక్ కవర్లు మానేస్తారని. ఇంటింటికీ సంచుల గుట్టలు తయారయ్యాయి. కవర్లు మానలేదు. ఇప్పుడు ఆ సంచుల్లో కవర్లు దాచుకుంటున్నారు.

పంచాయతీ వాళ్ళు మూడు రంగుల డబ్బాలు ఇచ్చినప్పుడు ఊరంతా వాటిలో బియ్యం, పిండి పోసుకున్నారు, మాసిన బట్టలు వేసుకున్నారు. తడి చెత్త తడిలో, పొడి చెత్త పొడిలో వేసింది నేనొక్కదాన్నే. పాల కవర్లు కడిగి తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేసేదాన్ని. పక్కింటామె గోడ మీదుగా చూసి నవ్వేది. ఆ నవ్వుకు నా ఒళ్ళు మండేది. ఇంత శుభ్రమైన చెత్త ఇచ్చే మనిషి చుట్టుపక్కల ఇంకొకతె లేదని నా పొగరు. ఆ పొగరుతోనే ఫోనులో ఇంకో నాలుగు వస్తువులు నొక్కేదాన్ని, వచ్చే పెట్టె ఎట్లాగూ పొడి చెత్తలో వేస్తాను గదా అని. ప్రతి వస్తువు అడుగునా మూడు బాణాలు గుండ్రంగా తిరిగే గుర్తు ఉంటుంది. ఆ గుర్తు చూసి కొన్నందుకు ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలి.

పోయిన క్రిస్మస్‌కు ముందు ఒక ఉదయం మా అత్త మంచం దిగబోయి పడింది. కాలికి అడ్డం వచ్చింది మూడు గిన్నెల హాట్‌ప్యాక్ సెట్టు. వేడన్నం పెట్టుకోమని ఎవరో ఎవరికో ఇచ్చినది, మా దగ్గరికి ఎట్లా వచ్చిందో తర్వాత చెబుతాను. మా ఇంట్లో ఎవరూ దాని టేపు కూడా విప్పలేదు. ఆమె తుంటి ఎముక విరిగింది, అట్టపెట్టె ఒక మూల నలిగింది. నెల్లూరు ఆసుపత్రి నుంచి వచ్చాక నేను చూసింది ఏమిటంటే, మా ఆయన ఆ పెట్టె మూలను వేళ్ళతో సరిచేసి మళ్ళీ గుట్ట మీద పెడుతున్నాడు.

ఆపరేషన్ అయ్యాక మా ఆడబిడ్డ ఆమెను తన ఊరు కోటకు తీసుకుపోయింది. వాళ్ళది రొయ్యల గుంటల పక్కన ఇల్లు, చూసుకునే మనుషులు ఉన్నారు. మంచం ఖాళీ అయిందో లేదో, దాన్ని మడిచి గోడకు ఆనించి మేము గది మొత్తం ఆక్రమించుకున్నాం. క్రిస్మస్ పోయింది, కొత్త సంవత్సరం పోయింది, రెండిటి సామానూ లోపలికి పోయింది. చివరికి తలుపు సగమే తెరుచుకునేది. కిటికీ ఎక్కడుందో వెలుతురును బట్టి తెలుసుకోవాల్సిందే.

వరికోతలు మొదలయ్యే రోజుల్లో కోట నుంచి ఫోను వచ్చింది. మా అత్త తానే మాట్లాడింది. నన్ను ఆమె 'మే' అనే పిలుస్తుంది.

"కోత పండగ అయిన మర్నాడు వచ్చేస్తా మే. ఈడ బాగానే చూస్తుండారు గానీ, కూతురింట్లో ఎన్నాళ్ళుంటాను? ఒక్క మాట. నన్ను హాల్లో మాత్రం పండబెట్టొద్దు. పక్క మీదనే అన్నీ జరగాల ఇంకొన్నాళ్ళు. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళ ముందర ఆ పని నా వల్ల గాదు. నా గది, ఒక తలుపు, ఆ కిటికీ. ఇంకేం అడగను."

"అట్నే అత్తా. గది సిద్ధం చేస్తా," అన్నాను. మా హాలు వీధి మీదికే తెరుచుకుంటుంది. అందులోనే నా మిషను, జాకెట్లు ఇచ్చేవాళ్ళు, తీసుకునేవాళ్ళు. ఆ మనిషిని అక్కడ పడుకోబెట్టడం అంటే ఆమెను రోడ్డు మీద పడుకోబెట్టినట్టే. అందుకని ఫోను పెట్టగానే కొంగు బిగించి గదిలోకి దిగాను.

ముందు నాకు గుర్తొచ్చింది చెత్త ట్రాక్టరు. నా శుభ్రమైన చెత్తను ఎప్పుడూ మెచ్చుకుంటూ తీసుకుపోయే ఆమె వచ్చింది. వాకిట్లో గుట్ట పోసి చూపించాను. ఆమె గుట్టను ఎగాదిగా చూసింది.

"ఇది చెత్త గాదక్కా, సామాను. సామాను నేను తీసుకోకూడదు. డబ్బాలో పట్టిందే తీసుకుంటా," అంది.

"ముక్కలు చేసి డబ్బాలో వేస్తా."

"ఎన్ని నెలలు వేస్తావక్కా?"

అదీ నిజమే. అయినా ఆమె మీదే కోపం తెచ్చుకున్నాను. ఆ తర్వాత మోపెడ్ మీద వచ్చే పాత సామాన్లతన్ని పిలిచాను. అతను కాగితాలు, సీసాలు, ఇనుము అన్నాడు. విరిగిన కుర్చీలను పక్కకు నెట్టాడు, థర్మాకోల్‌ను చేత్తో కూడా తాకలేదు. బుట్టలు, ట్రేలు, గొడుగులు, దూది ఉండకట్టిన దిండ్లు, చెక్కపొడితో చేసిన చెప్పుల స్టాండు, ఏవీ వద్దన్నాడు. మూడు బాణాల గుర్తు చూపిస్తే, అట్లాంటివి అందరి వాటికీ ఉంటాయమ్మా అని బండి స్టాండు తీశాడు. తొక్కుడు సైకిలు మాత్రం తీసుకుంటానన్నాడు. మా ఆయన పరిగెత్తుకొచ్చి దాని హ్యాండిలు పట్టుకున్నాడు.

"అది బాగానే ఉండాది గదా. ఎండలు పోనీ, మళ్ళీ తొక్కుతా."

"నువ్వు తొక్కేది ఎప్పుడు, మీ అమ్మ పడుకునేది ఎప్పుడు?" అని అరిచాను. వీధి అంతా విన్నది. పక్కింటామె గోడ దగ్గరికి వచ్చింది. ఆమె మసీదు వీధిలో పుట్టిన పిల్ల, నా జాకెట్లకు మగ్గం పని చేసి ఇస్తుంది. ఆమెకు రెండు హాట్‌ప్యాకులు, ఒక డిన్నర్ సెట్టు ఇవ్వబోయాను. "మాకొద్దక్కా! రంజానుకి ఎవురికైనా ఇద్దామని మా ఇంట్లోనే ఇంతకంటే ఎక్కువ పెట్టుకోనుండాము, తీసుకునేవాళ్ళు యాడుండారు?" అని వెనక్కి తగ్గింది. ఉచితంగా ఇస్తానంటే కూడా భయపడే కాలం వచ్చింది. అయినా మర్నాడు ఎవరి ఫోనులో వాళ్ళం కొత్తది ఏదో ఒకటి చూస్తూనే ఉంటాం.

సైకిలు విషయంలో నా మాటే నెగ్గింది, అదొక్కటే పోయింది. మిగిలినదానికి కోత పండగే దారి అనిపించింది.

మా చర్చి సంఘంలో కోత పండగ అంటే మొదటి పంటను దేవుడికి తెచ్చే ఆదివారం. నా చిన్నప్పుడు చర్చిలో ప్రభువు బల్ల ముందు వరి కంకుల మోపులు, గుమ్మడికాయలు, కోళ్ళు, కొబ్బరికాయలు, తడిగోనెలో చుట్టిన రొయ్యలు ఉండేవి. ఆరాధన అయ్యాక వేలం పాట. గుమ్మడికాయను ఎవరో పాడతారు. పాడినాయన దాన్ని ఇంటికి తీసుకుపోడు, మళ్ళీ పాటకే ఇచ్చేస్తాడు. ఇంకొకాయన పాడతాడు. ఒకే కాయ చేతులు మారి మారి, నవ్వులు నవ్వించి, చివరికి ఎవరింట్లోనో దప్పళంలోకి పోయేది. పోయేది అన్నదే అందులో ముఖ్యం. కాయను తినేస్తారు, కోడిని తినేస్తారు, ఏమీ మిగలదు.

ఇప్పుడు పొలాలున్న వాళ్ళు తక్కువ. ఉన్నవాళ్ళు రొయ్యల గుంటలకు ఇచ్చారు, మిగిలినవాళ్ళు పోర్టుకో ప్లాంటుకో పోతున్నారు. మొదటి పంట ఎక్కడి నుంచి తెస్తారు? ఇంట్లో విప్పని సామాను తెస్తారు. ఆ హాట్‌ప్యాక్ సెట్టు అట్లాగే తిరుగుతున్నది. ఒక ఏడు ఒకరు పెళ్ళికి వచ్చినదాన్ని పాటకు ఇచ్చారు, ఇంకొకరు పాడారు, మరుసటి ఏడు వాళ్ళు ఇచ్చారు, ఇంకొకరు పాడారు. పోయిన ఏడు మా ఆయన పాడాడు. మా దగ్గరికి వచ్చిన దారి అదీ. సంఘంలో అది తిరగని ఇల్లు లేదు, అందులో అన్నం తిన్న ఇల్లూ లేదు.

ఇదంతా తెలిసి కూడా నేను ఆ పనే చేశాను. శనివారం ఆటో మాట్లాడి, తూర్పు గదిలో ఉన్నదంతా మోయించి చర్చి వరండాలో దించాను. తుడిచి, రంగు కాగితాలు చుట్టి, కృతజ్ఞతార్పణ అని చీటీలు అంటించాను. దేవుడికి ఇస్తున్నానని నేననుకోలేదు. వదిలించుకుంటున్నానని నాకు తెలుసు. మా పాస్టరు అయ్యగారి భార్య చూసి, "ఎంత తెచ్చినావమ్మా, దేవుడు దీవించును గాక," అంది. నేను గంగిరెద్దులా తల ఊపాను.

ఇంటికి వచ్చి గది కడిగాను. బూజులు దులిపి, మంచం విప్పి వేసి, ఉతికిన దుప్పటి పరిచాను. కిటికీ రెక్కలు పూర్తిగా తెరిచే ఉన్నాయి, తుఫాను రోజుల్లో తప్ప మా అత్త వాటిని ముయ్యనిచ్చేది కాదు. సాయంత్రం గాలి లోపలికి వచ్చి గోడకున్న పాత క్యాలెండరును ఆడించింది. ఖాళీ గది ఎంత అందంగా ఉంటుందో అప్పుడు చూశాను. మంచం అంచున కూర్చుని కోటకు ఫోను చేశాను.

"గది అద్దంలాగా ఉండాది అత్తా. గాలొస్తుండాది, వినబడతా ఉందా?" అని ఫోను కిటికీ దగ్గర పెట్టాను.

ఆమె "నువ్వు చల్లంగుండు మే," అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చాక నేను చేసిన మంచి పని అదొక్కటే అనిపించింది.

ఆదివారం బల్ల ముందు గుట్ట చూసి నాకు నవ్వొచ్చింది. నా ఒక్కదానికే వచ్చిన ఆలోచన కాదది. ప్రతి ఇల్లూ తన తూర్పు గదిని తెచ్చి అక్కడ పోసింది. మూలకు ఒక అరటిగెల, రెండు కోళ్ళు, ఒక చిన్న బస్తా వడ్లు ఉన్నాయి. మిగతా అంతా పెట్టెలు. కోళ్ళూ గెలా ఇట్టే పోయాయి. పెట్టెల దగ్గర పాట చప్పబడింది. పాట పాడించే సంఘ పెద్ద పోర్టుకు లారీలు తిప్పే మనిషి, మైకు చేతికొస్తే మనుషుల్ని గిచ్చి గిచ్చి పాడిస్తాడు. హాట్‌ప్యాక్ పైకెత్తాడు. నలిగిన మూల వెనక వరసలో ఉన్న నాకు కూడా కనబడింది.

"ఎవురూ పలకరే? సరే, ఒక మాట చెప్తా వినండి. మన పెద్దమ్మ ఆపరేషనై బాగుపడి రేపు ఇంటికొస్తుండాది. దేవుడు కాళ్ళిచ్చినాడు. ఆమె పేరు మీద, కృతజ్ఞతగా, ఎవురు పాడతారు? కొడుకు ఈన్నే ఉండాడు. ఏమన్నా, అమ్మ పేరంటే కూడా పలకవా?"

నేను ఆడవాళ్ళ వైపు చాప మీద నుంచి లేచి నిలబడ్డాను. మా ఆయన నా వైపు చూడలేదు, కావాలనే చూడలేదు. చెయ్యెత్తాడు. సంఘ పెద్ద తానే ఎదురు పాడి రేటు పెంచాడు, ఈయన రోషంతో ఇంకా పెంచాడు. పాట ఈయన మీద కొట్టేశారు. అందరూ చప్పట్లు. మామూలుగా అయితే మళ్ళీ పాటకు ఇచ్చేయవచ్చు. ఈసారి ఎట్లా ఇస్తాడు, అమ్మ పేరు మీద పాడినది?

అంతటితో ఆగినా బాగుండేది. ఆ మాట మా వాళ్ళకు పట్టుకుంది. మా అత్త అంటే సంఘంలో అందరికీ ప్రేమ, ఆ ప్రేమే మా కొంప ముంచింది. తర్వాత వచ్చిన డిన్నర్ సెట్టును ఒకామె పాడి, "పెద్దమ్మకి నా తరపున," అంది. టబ్బును ఇంకొకాయన పాడి, "పెద్దమ్మ స్నానానికి పనికొస్తాది," అన్నాడు. ఆ తర్వాత పోటీలు పడ్డారు. బుట్టలు పెద్దమ్మకి, కుర్చీలు పెద్దమ్మకి, టేబుల్ ఫ్యాను పెట్టె పెద్దమ్మకి. ఎవరింటికీ ఏదీ తీసుకుపోవాల్సిన పని లేకుండా దేవుడికీ ఇచ్చినట్టయింది, పెద్దమ్మకూ ఇచ్చినట్టయింది. నా ఆటోలో పోయిన సామాను, ఊరందరి ఆటోల్లో వచ్చిన సామానుతో కలిసి, లారీలో మా ఇంటికి వచ్చింది. లారీ సంఘ పెద్దదే. బాడుగ కూడా అడగలేదు.

"ఏం చేయమంటావు? అమ్మ పేరెత్తినాక గమ్మునుంటే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు మా ఆయన.

"నలుగురూ బాగానే అనుకుంటారు. మీ అమ్మ ఏమనుకుంటుందో రేపు అడుగు."

దించినవాళ్ళు నేను కడిగిన గదిలోనే దించారు, అక్కడైతే పెద్దమ్మకు దగ్గరగా ఉంటాయని. మంచాన్ని వాళ్ళే ఎత్తి హాల్లోకి తెచ్చి వేశారు. నేను అడ్డం నిలబడితే, "నువ్వు పక్కనుండక్కా, మేం చూసుకుంటాం," అన్నారు. మంచితనంతో మీద పడేవాళ్ళను ఎట్లా తోసేయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

మర్నాడు పొద్దున కోట నుంచి వ్యాను వచ్చేసరికి మేమిద్దరం సగం కూడా బయటికి తేలేకపోయాం. తెచ్చి ఎక్కడ పెడతాం? వంటిల్లు నిండింది, వాకిలి నిండింది. మా అత్తను ఇద్దరు పట్టుకుని దించారు. ఆమె ముందు తూర్పు గది తలుపు వైపు చూసింది. సగం తెరిచిన తలుపులోంచి హాట్‌ప్యాక్ పెట్టె కనబడుతున్నది. హాల్లో మంచం మీద పడుకోబెడితే గోడ వైపు తిరగబోయింది, తుంటి నొప్పికి తిరగలేకపోయింది.

కాసేపటికే సంఘం వచ్చింది. అయ్యగారు, సంఘ పెద్ద, ఆడవాళ్ళు. పళ్ళ బుట్టలు, ప్లాస్టిక్ కాగితం చుట్టినవి. మంచం చుట్టూ నిలబడి కీర్తన అందుకున్నారు. కీర్తన అయ్యాక ప్రార్థన. అయ్యగారి తర్వాత సంఘ పెద్ద, ఆయన తర్వాత ఒక్కొక్కరు. మా అత్త నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు బిగిసి ఉన్నాయి. మొహం చూస్తే అర్థమైంది. బెడ్‌పాన్ కావాలి, అడగలేకపోతున్నది. నేను వంగి, "ఒక్క నిమిషం అత్తా, అయిపోతుంది," అన్నాను. అవ్వలేదు. ఇంకొకామె అందుకుంది, పెద్దమ్మకు ఇచ్చిన కానుకల కోసం స్తోత్రం చెబుతున్నది. మా అత్త కళ్ళు మూసుకుంది. కంటి పక్క నుంచి నీళ్ళు చెవిలోకి కారాయి.

"నన్ను గూడా పాటకి పెట్టకపోయినారా మే," అంది, నాకు మాత్రమే వినబడేటట్టు. "ఎవురో ఒకరు తీసుకోనుందురు గదా."

లేచి నిలబడి, ఆ ప్రార్థన ఆమెన్ దాకా పోనివ్వలేదు.

"ఇంక చాలు. అందరూ కళ్ళు తెరవండి. తలా ఒకటి ఎత్తుకొని ఆ గదిలోంచి వీధిలో పెట్టండి."

ఎవరికీ అర్థం కాలేదు. సంఘ పెద్దకు అయింది. "ఏందమ్మా ఆ మాట? దేవుడికిచ్చిన వస్తువులు వీధిలో పడేస్తారా?"

"దేవుడికిస్తే దేవుడి దగ్గరుండాల. మా అత్త మంచం మీదికి ఎందుకొచ్చినాయి? ఈమె కాళ్ళు పోయింది వీటికి తట్టుకునే. ఇప్పుడు ఒంటికి పోయేదానికి కూడా చోటు లేకుండా చేసినారు. మీరు ప్రార్థన చేస్తా నిలబడితే, ఈమె పక్కలోనే పోవాలనా?"

నా నోరు అంత గట్టిదని నాకే తెలియదు. మా ఆయన తల దించుకున్నాడు. అయ్యగారు బైబిలు హాలు కిటికీలో పెట్టి, ముందుగా లోపలికి పోయి ఒక టబ్బు ఎత్తుకొచ్చారు. ఆయన్ని చూసి మిగిలినవాళ్ళు కదిలారు. చీరలు దోపుకుని, మొహాలు మాడ్చుకుని, ఒక్కొక్కటీ మోశారు. సంఘ పెద్ద హాట్‌ప్యాక్ పట్టుకొచ్చి అందరికంటే పైన పెట్టాడు, అదేదో గౌరవమైనట్టు. మంచం లోపలికి పోయింది. నేను తలుపు మూసి, గడియ పెట్టి, ఆమెకు చెయ్యాల్సింది చేశాను.

ఆ మధ్యాహ్నం గాలి మళ్ళింది. మా అత్త దిండుకు ఆనుకుని కిటికీలోంచి చాలాసేపు చూసింది. "తుమ్మచెట్టు ఒకటి కొట్టేసినారే," అంది. కొంచెం అన్నం తింది. నా మీద కోపం లేదని చెప్పడానికి కాబోలు, నా మోచేతి మీద ఊరికే తట్టింది. నాకు గెలిచినట్టే ఉంది.

వీధిలో గుట్ట అట్లాగే ఉంది. పోయేవాళ్ళు ఆగి చూశారు, ఒకరిద్దరు కుర్చీలు తీసుకుపోయారు, మిగిలింది ఎవరూ ముట్టలేదు. మర్నాడు చెత్త ట్రాక్టరు వచ్చింది. ఆమె దిగి గుట్ట చూసి, "ఇప్పుడు వీధిలో ఉండాది గాబట్టి చెత్తేనక్కా, తీసకపోతా," అంది. నాకు ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. నేనూ మా ఆయనా కూడా ఎత్తి వేశాం. హాట్‌ప్యాక్‌ను నేనే వేశాను, టేపు విప్పకుండానే. ట్రాక్టరు మలుపు తిరిగేదాకా చూసి, చేతులు కడుక్కుని మిషను దగ్గర కూర్చున్నాను.

చెత్త వేరు చేసే షెడ్డు కాలువ పక్కన ఉంది. దాని గోడ మీద పచ్చరంగుతో చెట్టు బొమ్మ వేసి, మంచి మాటలు రాశారు. అది ఎప్పుడో నిండిపోయి, మిగిలినదంతా బయట చవుడు నేల మీద పోస్తారని తెలుసు. ఎక్కువైనప్పుడు ఎవరో అంటిస్తారు. ఎవరని అడిగితే ఎవరూ చెప్పరు. నేను కడిగి ఆరేసిన పాల కవర్లు కూడా ఇన్నేళ్ళూ అక్కడికే పోయి ఉంటాయి. ఆ చవుడు నేల మా ఇంటికి తూర్పున ఉంది. ఆ సంగతి నాకు ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం జాకెట్టుకు హుక్కులు కుడుతుంటే ముందు కంపు వచ్చింది. గొంతులో గీరుకునే కంపు, తలలోకి ఎక్కే కంపు. తూర్పు గదిలోంచి దగ్గు వినబడి పరిగెత్తాను. కిటికీ అవతల తుమ్మ చెట్ల పైన నల్లటి పొగ లావుగా లేచి, సముద్రం గాలికి వంగి, నేరుగా మా మీదికి వస్తున్నది. మా అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. దగ్గినప్పుడల్లా తుంటి పట్టుకుంటున్నది.

"రేపటికి ఆరిపోతుందిలే అత్తా," అన్నాను.

"ఎట్టా ఆరతాది మే, అంత ఉంటే," అంది. ఆమె కాసేపు అటే చూసింది. తర్వాత కళ్ళు తిప్పుకుని, "కిటికీ మూసెయ్," అంది.

రెక్కలు లాగితే రాలేదు. ఉప్పుకు బందులు పట్టేశాయి. మా ఆయనను పిలిచాను. ఆయన కొబ్బరినూనె పోసి, సుత్తి తెచ్చి కొట్టి కొట్టి మూశాడు. గడియ కూడా తుప్పుతో బిగిసింది. దాన్నీ కొట్టి వేశాడు. గది చీకటైతే లైటు వేశాను.